పరగడుపు

“నాది తీసేసిండ్రు. మంజులది తీసేసిండ్రు. నీ దాంట్ల ఏం బంగారం దాసుకున్నవే?”

అత్తమ్మ ఈ మాట అన్నప్పుడు నేను పెరట్లో నల్లా దగ్గర కూర్చుని అడుగంటిన అన్నం గిన్నె తోముతున్నాను. ఆమె గొంతులో కోపమేమీ లేదు. అటక మీద పడి ఉన్న పాత డబ్బాను తీసి పారెయ్యమని చెప్పే గొంతు అది. పీచుతో రుద్దుతూనే ఉన్నాను. ఆమె మాట్లాడేది నా గర్భసంచి గురించి అని నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

మా అత్తమ్మ ఎల్లక్క తన ఆపరేషన్ సంగతి చెప్పేటప్పుడు కాస్త గర్వంగానే చెబుతుంది. “తీసేయించినంక ఒక్క దినం గూడ కూసోలే నేను. కుట్లు ఎండకముందే నాటుకు పోయిన” అంటుంది. అంతకుముందు నెలకు మూడు రోజులు ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదట. పశువుల కొట్టంలో ఓ మూల చాప వేసుకుని పడుకునేదట. పెళ్లయిన కొత్తలో ఆ మాట విని ఎంత అవమానం అనుకున్నాను. ఈసారి మాత్రం అందులో మరొకటి వినపడింది. ఆ మనిషికి జీవితంలో దొరికిన విశ్రాంతి ఆ మూడు రోజులే. ఆపరేషన్‌తో అదీ పోయింది. అలా పోవడాన్నే ఆమె బాగుపడటం అనుకుంటోంది.

నాకు ఏడాదిగా నెలసరి ఎక్కువగా అవుతోంది. నడుము లాగేస్తుంది. పొత్తికడుపులో ఎప్పుడూ ఒక బరువు. కేసముద్రంలో ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి టీచర్‌ని. పొద్దున లేచి వంట, డబ్బాలు, పెరడు ఊడ్వడం అయ్యాక ఆటో ఎక్కితే సాయంత్రం దాకా నిలబడే పని. ఇంటికొస్తే మళ్లీ పొయ్యి. మా ఆయన చిరంజీవికి ట్రాక్టర్ ఉంది. మార్కెట్ యార్డుకు వడ్లు, పత్తి తోలుతాడు. మాకూ కొంచెం పత్తి చేను ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పగానే ట్రాక్టర్ పని మానుకుని నన్ను మహబూబాబాద్‌లో నర్సింగ్ హోంకు తీసుకెళ్లింది ఆయనే.

అక్కడ స్కానింగ్ చేశారు. డాక్టరు తెరను చూస్తూ మాట్లాడాడు. మా ఆయన డాక్టరు ముఖం చూస్తూ విన్నాడు. నా కడుపు మీద పూసిన చల్లటి జిగురు ఆరిపోతూ ఉంది.

“వాపు ఉంది. చిన్న గడ్డ కూడా కనపడుతోంది. అలాగే ఉంచితే రేపు క్యాన్సర్ అవ్వొచ్చు. పిల్లలు చాలనుకున్నారు కదా, ఇంక దాంతో పనేముంది?”

“పనేమున్నది సార్” అన్నాడు మా ఆయన.

నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను చీర సర్దుకుని లేచేసరికి దసరా తెల్లారి ఆపరేషన్ అని ఖాయమైంది. అందరికీ సరిపోయింది. మా బడి కరస్పాండెంట్ గారు సంతోషించారు, “సెలవుల్లో అయితే మాకు ఇబ్బంది లేదు మేడమ్” అని. మా ఆయన ఇంటికొస్తూ లెక్క చెప్పాడు, “పత్తి ఏరుడు జోరందుకునే వరకు నువ్వు లేస్తవ్ తియ్యి.” అత్తమ్మ భూపాలపల్లిలో ఉన్న తన కూతురు మంజుల వదినకు ఫోన్ చేసి వంటకు రమ్మని చెప్పింది. ఒక్క నాకే ఎక్కడో ఏదో ఇరుక్కుంది. అదేమిటో చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

సెలవులకు ముందు మహబూబాబాద్‌లో ప్రైవేటు టీచర్లకు ఒకరోజు శిక్షణ పెట్టారు. పరీక్షలంటే భయపడే పిల్లలను ఎలా కుదుటపరచాలో నేర్పించడానికి హైదరాబాద్ నుంచి ఒకామె వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ కళ్లు మూసుకోమన్నది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఒక సారు వెంటనే గురక మొదలుపెట్టాడు.

“పాదాల దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఎలా ఉందో గమనించండి. బాగుచేద్దామని చూడకండి. ఊరికే వినండి.”

నాకు పాదాలు దొరకలేదు. అవి ఉన్నాయని తెలుసు. చెప్పుల్లో ఉన్నాయి, నేల మీద ఉన్నాయి. కానీ ఏళ్ల తరబడి పలకరించని చుట్టాల్లా ముఖం తిప్పుకుని ఉన్నాయి. పిక్కలు, మోకాళ్లు, తొడలు... ఒక్కోదాని పేరు ఆమె చెబుతుంటే నేను చీకట్లో తడుముకుంటూ పైకి వస్తున్నాను. పొత్తికడుపు దగ్గరికి రాగానే ఆగిపోయాను. అక్కడ ఎవరో తలుపు బాదుతున్నట్టుంది. నాకు మూత్రం వస్తోంది. ఇప్పుడు కాదు, పొద్దుటి నుంచీ వస్తోంది. పొద్దున ఇల్లు వదిలినప్పటి నుంచి నేను వెళ్లనే లేదు. ఆ సంగతి నాకే తెలియలేదు.

మధ్యలో లేచి బయటికి నడిచాను. మంట. పళ్లు కొరుక్కుని కూర్చున్నాను. లేచాక చూస్తే, ఇన్నాళ్లూ గర్భసంచి నొప్పి అని అందరం పేరు పెట్టిన ఆ బరువులో సగం లేదు. గోడ పట్టుకుని అక్కడే కాసేపు నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది. నొప్పికి కాదు. ఇంత దగ్గరి మాట ఇన్నేళ్లు వినిపించుకోని మనిషిని నేనేనా అని.

ఆపుకోవడం నేను ఎప్పుడు నేర్చుకున్నాను? ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మరుగుదొడ్డి లేదు. తెల్లవారకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి చెరువు కట్ట దిక్కు పోవాలి. మధ్యలో వస్తే ఆపుకోవాలి. “కొత్త కోడలు చెంబు పట్టుకుని పగటి పూట తిరుగుతుందా” అని అత్తమ్మ ఒక్కసారి అన్నది, చాలింది. తర్వాత దొడ్డి కట్టించారు గానీ అప్పటికి బడిలో చేరాను. క్లాసు వదిలి వెళ్లకూడదు. ఇంటర్వెల్‌లో ఆడ టీచర్లందరికీ ఉన్నది ఒకటే. వరుసలో నిలబడితే బెల్లు కొట్టేస్తారు. అందుకని నీళ్లు తాగడం మానేశాను. ఎవరూ మానమనలేదు. అదే కదా విచిత్రం, ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే అన్నీ మానేశాను.

ఆ రోజు నుంచి నేను వినడం మొదలుపెట్టాను. చాప వేసుకుని కూర్చోవడానికి మా ఇంట్లో చోటూ లేదు, తీరికా లేదు. కూర తిరగమోత వేస్తున్నప్పుడు, బోర్డు మీద లెక్క రాసి పిల్లలు ఎక్కించుకునేలోపు, ఆటోలో ఇరుక్కుని కూర్చున్నప్పుడు ఒక ఊపిరి తీసుకుని లోపలికి అడిగేదాన్ని, ఇప్పుడు నీకేం కావాలి అని. మొదట్లో జవాబు వచ్చేది కాదు. తర్వాత మెల్లగా వచ్చింది. నీళ్లు. కాసేపు కూర్చోవాలి. నడుము వాల్చాలి. ఇంత చిన్న కోరికలా అనిపించేది. అంత చిన్నవి కూడా తీర్చకుండా ఇన్నేళ్లు పని చేయించుకున్నానా అని భయం కూడా వేసేది.

ఇది ప్రశాంతంగా జరిగిందనుకోకండి. వినకపోవడమే ఇన్నాళ్లూ నన్ను నడిపించింది. వినడం మొదలెట్టగానే ఎక్కడెక్కడి నొప్పులన్నీ ఒక్కసారి ఇంట్లోకి వచ్చి పడ్డాయి. బిందె ఎత్తితే భుజం మాట్లాడింది. బట్టలు పిండితే మణికట్టు మాట్లాడింది. రాత్రి మా ఆయన చెయ్యి మీద పడితే ఒళ్లంతా ‘ఇవాళ వద్దు’ అన్నది, నేను పైకి ఆ మాట అన్నాను. ఆయన అటు తిరిగి పడుకుంటూ, “ఎప్పుడు సూడు ఏదో ఒక నొప్పే నీకు. ఆపరేషన్ అయితె గానీ బాగుపడవు” అన్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టల మూట అలాగే ఉంచి పడుకున్నాను. అత్తమ్మ గుమ్మంలో నిలబడి వీధికి వినబడేలా, “కోడలు పట్టపగలు పండుకుంటె ఇల్లు ఎట్ల నడుస్తది?” అన్నది. నా గుండె దడదడలాడింది. లేవబోయాను. లేవలేదు. కళ్లు మూసుకుని ఆ దడ తగ్గేదాకా దాన్నే విన్నాను. బట్టలు సాయంత్రం ఉతికాను.

ఆ వారమే ఒకరోజు మా మేఘన బడి నుంచి వచ్చి బ్యాగు విసిరేసింది. ఆరో తరగతి. బాటిల్ తీసి చూస్తే నీళ్లు పొద్దున నేను నింపినట్టే ఉన్నాయి.

“నీళ్లెందుకు తాగలేదు?”

“బాత్రూంకు పోవాల్సొస్తది. దానికి గొళ్లెం లేదమ్మా. తాగకుంటే అయిపాయె గదా.”

మంచిపని చేశావు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. ఎంత తెలివిగలది నా బిడ్డ అని మెచ్చుకోబోయాను. ఆ మాటను మింగి, దాని పక్కన కూర్చుని, ఆ బాటిల్ నీళ్లు ఇద్దరం సగం సగం తాగాము. మర్నాడు దాని బడికి వెళ్లి గొళ్లెం గురించి అడిగాను. అక్కడి నుంచి ఇంటికి రాకుండా, నా బడికి సెలవు చెప్పి, మహబూబాబాద్ బస్సెక్కి సర్కారు దవాఖానకు వెళ్లాను. ఒక్కదాన్నే.

చాలాసేపు కూర్చున్నాక నా వంతు వచ్చింది. ఆడ డాక్టరు. నాకంటే చిన్నదే కావచ్చు. పొద్దున్నే నేను సంచిలో పెట్టుకొచ్చిన స్కానింగ్ ఫొటోలు పక్కన పెట్టి, “ముందు మీకేమనిపిస్తోందో చెప్పండి” అన్నది.

నెల కిందట ఎవరైనా ఆ మాట అడిగితే నేను “ఏమో మేడమ్, అంతా నొప్పే” అని ఊరుకునేదాన్ని. ఇప్పుడు చెప్పగలిగాను. మంట ఎప్పుడు ఉంటుందో, నీళ్లు తాగిన రోజు ఎలా ఉంటుందో, నడుము నొప్పి ఏ పనికి వస్తుందో, నెలసరిలో ఏ రోజు కళ్లు తిరుగుతాయో. ఆమె మధ్యలో అడ్డుపడకుండా విన్నది. పరీక్షలు చేయించింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నది. రక్తం బాగా తక్కువ ఉన్నది. గడ్డ ఉన్నది గానీ చిన్నది.

“దీనికి గర్భసంచి తీయనక్కర్లేదమ్మా. మందులు వాడండి, మళ్లీ రండి, చూద్దాం. తగ్గకపోతే అప్పుడు ఏం చేయాలో మీరూ నేనూ కూర్చుని మాట్లాడుకుందాం.”

మీరూ నేనూ. ఆ రెండు మాటలు బస్సులో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

ఇంట్లో చెబితే మా ఆయన ముఖం మాడిపోయింది. “నాకు చెప్పకుంట పోయినవా? సర్కార్ దవాఖానల గోలీలిచ్చి పంపుతరు. రేపు ఏమన్న అయితె పిల్లను ఎవరు సూస్తరు? నీ బాధ సూడలేకనే గదా నేను గింత పరేషాన్ అయితున్న.”

“నా బాధ ఏందో నన్ను అడగు మరి.”

“అడిగేదేముంది, కనపడ్తలేదా?”

“నాకు వద్దు.”

“భయపడుతున్నవ్. అందరు భయపడుతరు” అన్నాడు, చాలా మెత్తగా. ఆ మెత్తదనానికి ఎదురు చెప్పడం తిట్టుకు ఎదురు చెప్పడం కంటే కష్టం. ఆ తర్వాత కూడా వద్దన్నాను, చాలాసార్లు అన్నాను. ప్రతిసారీ ఇంట్లో దానికి భయం అనే పేరు పెట్టారు. మందులు మాత్రం మానలేదు. మంట తగ్గింది. తగ్గిందని చెబితే, “సూడు, ఆపరేషన్ తప్పించుకోనీకి నొప్పి లేదంటున్నది” అని అత్తమ్మ నవ్వింది.

దసరాకు ఒకరోజు ముందే మంజుల వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. ఆమె భర్త సింగరేణిలో పనిచేస్తాడు. వచ్చిన మర్నాడు ఇద్దరం వెనక గదిలో చిక్కుడుకాయ తుంచుతున్నాం. ఫ్యాన్ పూర్తిగా తిరుగుతోంది, అయినా వదిన కొంగుతో విసురుకుంటోంది. మెడ మీద చెమట.

“వదినా, తీసేసినంక నీకు బాగుందా?” అన్నాను.

ఆమె తలుపు వైపు చూసింది. అత్తమ్మ బయట ఎవరితోనో మాట్లాడుతోంది.

“ఇరవై తొమ్మిదేండ్లకు తీసిండ్రు నాకు” అన్నది మెల్లగా. “ఒంట్లకెల్లి ఆవిర్లు లేస్తయి. చలికాలం గూడ తలుపు తీసుకొని కూసుంట. మోకాళ్లు పట్టేస్తయి, నిద్ర రాదు. మీ అన్నకు చెప్తె ‘గిప్పుడేం నొప్పి, తీసేసిండ్రు గదా’ అంటడు. నొప్పి అని చెప్పుకునుడు గూడ దాంతోటే పోయింది సుమా.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఇప్పటిదాక నన్నెవ్వరు అడగలే.” ఒక కాయ తుంచింది. “నేను వద్దంటె అవ్వ ఏమంటదో తెల్సు గదా. వచ్చింది సాయానికా, చెడగొట్టనీకా అంటది.”

ఆ సాయంత్రం నర్సింగ్ హోం నుంచి ఫోన్ వచ్చింది. రేపు పొద్దున పరగడుపున రావాలి, రాత్రి తిన్నాక ఇంకేమీ ముట్టుకోవద్దు, మంచినీళ్లు కూడా వద్దు అని నర్సు మా ఆయనకు చెప్పింది. ఆయన నాకు చెప్పాడు.

తెల్లారి కారు మాట్లాడుకొచ్చాడు. నేనెందుకు ఎక్కానని మీరు అడగవచ్చు. నేనూ నన్ను అడుగుతూనే ఉన్నాను. గుమ్మంలో మేఘన నిలబడి చూస్తోంది. పక్కింటివాళ్లు చూస్తున్నారు. ఆయన నా సంచి పట్టుకుని, “జర ధైర్యం తెచ్చుకో” అంటున్నాడు. అన్నీ సిద్ధమైపోయి, అందరూ దయగా ఉన్నప్పుడు మన కాళ్లు వాటంతట అవే నడుస్తాయి. అలా నడవడం వాటికి చిన్నప్పటి నుంచి అలవాటు.

నర్సింగ్ హోంలో ఒక గదిలో మంచం చూపించి, ఆకుపచ్చ గౌను ఇచ్చి తొడుక్కోమన్నారు. సంతకం ఎవరు పెడతారని అడిగితే మా ఆయన ముందుకు వెళ్లాడు. పెట్టి, కింద చాయ్ తాగి వస్తానని వెళ్లాడు. వదిన కుర్చీలో కూర్చుంది. ఆమె ఒళ్లో స్టీలు డబ్బా, తమ్ముడు తింటాడని తెచ్చింది. పక్క మంచం మీద నాలాంటిదే ఒకామె, నా వయసే ఉంటుంది, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఏ ఊరని అడిగితే గూడూరు దగ్గర తండా అన్నది. “నీదెందుకు తీస్తున్రు?” అని అడిగాను. “ఏమో అక్కా” అన్నది.

నేను మంచం అంచున కూర్చుని కళ్లు మూసుకున్నాను.

పాదాలు చల్లగా ఉన్నాయి. ఈసారి వెంటనే దొరికాయి. గచ్చు గరుకుదనం తెలుస్తోంది. మోకాళ్లు వణుకుతున్నాయి, వణకనిచ్చాను. నడుము ఫరవాలేదన్నది. ఇంతమంది మెత్తగా చెప్పిన ఆ భయం ఎక్కడుందా అని వెతికాను. ఉంది. గొంతు దగ్గర చిన్న ఉండలా ఉంది, లేదని అనను. కానీ దాని కింద, దానికంటే గట్టిగా, దానికంటే ఎంతో స్పష్టంగా మరొకటి ఉంది. ఆకలి.

మామూలు ఆకలి. పేగులు శబ్దం చేశాయి కూడా. ఇంత మంది ఇన్ని మాటలు చెబుతున్న ఈ ఒంటికి ఇవాళ పొద్దున కావలసింది ఇంత తిండి. అంతే. అది నన్నే అడుగుతోంది. ఇంకెవరినీ అడగడం లేదు.

“వదినా, ఆ డబ్బా ఇయ్యి” అన్నాను.

వదిన నా ముఖంలోకి చూసింది. బయట వరండాలో ఎవరో ట్రాలీ తోసుకెళ్తున్నారు. ఆమె లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, డబ్బా మూత తనే తీసి నా చేతిలో పెట్టింది.

జొన్నరొట్టెలు, టమాట తొక్కు. రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. ఒక ముక్క తుంచి తొక్కు అద్ది నోట్లో పెట్టుకున్నాను. పులుపు దవడల దాకా పాకింది. తొందరపడలేదు. నమిలాను. నా పెళ్లయ్యాక ఒక ముద్దను ఇంత నిదానంగా, మధ్యలో లేవకుండా, ఎవరి కంచంలో ఏం తక్కువైందో చూడకుండా తినడం ఇదే మొదటిసారి కావచ్చు. రెండో రొట్టె కూడా తిన్నాను. వదిన నీళ్ల సీసా అందించింది. తాగాను. గూడూరు ఆమె ఇటు తిరిగి, మోచేతి మీద లేచి కూర్చుని నన్నే చూస్తోంది.

చక్రాల కుర్చీ తోసుకుంటూ నర్సు వచ్చింది, వెనకే మా ఆయన.

“రాత్రి నుంచి ఏం తినలేదు కదమ్మా?”

“ఇప్పుడే తిన్న” అన్నాను.

“ఏం తిన్నరు?”

“రెండు రొట్టెలు. నీళ్లు గూడ తాగిన.”

నర్సు ఖాళీ డబ్బా వైపు చూసింది. మా ఆయన ముఖం ముందు అర్థం కానట్టు, తర్వాత ఎర్రగా అయింది. “ఏందే గిది? పిచ్చి గిట్ల లేసిందా? చిన్న పిల్లవా?” అని అరిచి వదిన వైపు తిరిగాడు. “అక్కా, పక్కనే ఉండి ఏం చేస్తున్నవ్? నువ్వన్న చెప్పొద్దా?”

“నేనేం చెప్పాలె తమ్మీ” అన్నది వదిన. “డబ్బా నేనే ఇచ్చిన.”

ఆయన తన అక్కను ఎప్పుడూ చూడనట్టు చూశాడు. నేను గౌను మీద పడ్డ రొట్టె పొడి దులుపుకున్నాను.

నర్సు విసుగ్గా కుర్చీని వెనక్కి తిప్పింది. ఇలాంటివి ఆమె చూసే ఉంటుంది, తెలియక తినేసినవాళ్లను.

“తిన్నాక మత్తు ఇవ్వరు. ఇవాళ్టికి కుదరదు. రేపు పొద్దున పెట్టుకుందాం, సార్‌కు నేను చెప్తాను” అన్నది. మా ఆయనతో కాదు, ఈసారి నాతోనే అన్నది. “రేపు మాత్రం పరగడుపునే రావాలమ్మా.”

“రేప్పొద్దుగాల గూడ నాకు ఆకలైతది సిస్టర్” అన్నాను.